పాటకు పరిచిన తివాచీ

(స్వర్ణోత్సవాల రెండో రోజు పూర్వ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

నా 1985 బ్యాచ్ మిత్రులు వెనక వరుసల్లో చేరి అప్పుడే కబుర్లు మొదలుపెట్టారు. వెనక బెంచీ అలవాటు నలభై ఏళ్లయినా పోదని మీరు రుజువు చేస్తున్నారు.

ఇంజనీరువి కదా, ఏదైనా టెక్నాలజీ మీద ఓ పావుగంట మాట్లాడమని కార్యవర్గం వాళ్లు ఫోన్ చేశారు. తివాచీల గురించి మాట్లాడతానన్నాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "ఒరే, వ్యాపారం ఏమైనా పెట్టావా?" అని అడిగారు. పెట్టలేదు. బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో పంపులు, మోటార్ల అదురు కొలవడం నా ఉద్యోగం. సంగీతం వినడం నా పిచ్చి. ఈ రెండింటి మధ్య ఒక తివాచీ వచ్చి పడింది. ఆ సంగతి చెప్పి, చివర్లో మిమ్మల్ని ఒక కోరిక కోరతాను.

ముందు ఒక చిన్న ప్రయోగం. అందరూ ఒక్క నిమిషం నిశ్శబ్దంగా ఉండండి. నేను ఒకే ఒక్కసారి చప్పట్లు కొడతాను. విన్నారు కదా? టప్‌మని వచ్చి పోయింది. ఉదయం ఆరున్నరకు, షామియానా వాళ్లు తప్ప ఎవరూ లేనప్పుడు ఇదే హాల్లో ఇక్కడే నిలబడి ఇలాగే కొట్టాను. ఆ చప్పుడు గోడ నుంచి గోడకు తిరుగుతూ నేను మూడు అంకెలు లెక్కపెట్టేదాకా పోలేదు. అప్పటికీ ఇప్పటికీ హాలు మారలేదు. మీరు వచ్చి కూర్చున్నారు, అంతే. మీ చీరలు, చొక్కాలు, మీ శరీరాలు ఆ చప్పుడును మింగేశాయి. ఈ సభకు తివాచీలు మీరే.

ఈ సంగతిని మొదట లెక్కగట్టినవాడు వాలెస్ సబీన్. అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెప్పేవాడు. 1895లో అక్కడ ఫాగ్ మ్యూజియంలో కొత్తగా కట్టిన ఉపన్యాస మందిరంలో ఎవరు ఏం చెప్పినా అర్థం కావడం లేదని ఆయనకు పని అప్పగించారు. ఆ గదిలో ఒక మాట పలికితే అది పూర్తిగా అణగడానికి అయిదు సెకన్లకు పైగా పట్టేదట. ఒక మాట చావకముందే పది మాటలు వచ్చి మీద పడితే ఇక వినేదేముంది? అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు కూడా లేవు. పక్కనే ఉన్న శాండర్స్ థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు మోయించుకొచ్చి, రాత్రిళ్లు ఊరు సద్దుమణిగాక, ఒక ఆర్గన్ గొట్టం ఊదించి, శబ్దం ఎంతసేపటికి ఆగుతుందో కొలిచేవాడు. కొన్ని మెత్తలు వేసి కొలవడం, ఇంకొన్ని వేసి మళ్లీ కొలవడం. అలా ఒక సూత్రం పట్టుకున్నాడు. 1900లో తెరిచిన బోస్టన్ సింఫనీ హాలు ఆయన లెక్కల మీదే కట్టారు.

సూత్రం చాలా తేలిక. మన లెక్కల మాస్టారు ఇక్కడే ఉన్నారు, తప్పు చెబితే సరిచేస్తారు. గది ఘనపరిమాణాన్ని మీటర్లలో తీసుకుని 0.161తో గుణించాలి. దాన్ని ఆ గదిలో శబ్దాన్ని పీల్చే మొత్తం వైశాల్యంతో భాగించాలి. వచ్చేది, శబ్దం అణగడానికి పట్టే సెకన్లు. మరి పీల్చే వైశాల్యాన్ని ఎలా కొలవాలి? దానికి సబీన్ పెట్టుకున్న కొలమానం నాకు ఎంతో నచ్చింది. తెరిచిన కిటికీ. తెరిచిన కిటికీలోంచి పోయిన శబ్దం తిరిగి రాదు కాబట్టి అది నూటికి నూరు పాళ్లు పీల్చినట్టు. మిగిలిన వస్తువులన్నీ కిటికీలో ఎన్నో వంతో చూస్తే సరి. గదిలో మాట గుయ్యిమంటుందో లేదో తేల్చేది తెరిచిన కిటికీ అన్న సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ అక్కడికి వస్తాను.

ఇక నా కథ. 2013లో హైదరాబాద్‌లో ఫ్లాటు కొన్నాం. హాల్లో మెరిసే విట్రిఫైడ్ టైల్స్, ఒక వైపు నేల నుంచి పైదాకా అద్దాల తలుపు, పైన జిప్సం సీలింగు. గృహప్రవేశానికి వచ్చినవాళ్లంతా నేలలో మొహం చూసుకోవచ్చని మెచ్చుకున్నారు. రెండేళ్లు పోయాక, చిన్నప్పటి కోరిక తీర్చుకుందామని మంచి ఆంప్లిఫయరు, నిలువెత్తు స్పీకర్ల జత కొన్నాను. ఎంతకు కొన్నానో చెప్పను, మా ఆవిడ రెండో వరుసలో ఉంది.

దుకాణంలో విన్నప్పుడు వయొలిన్ తేనెలా ఉంది. ఇంట్లో పెడితే రేకు మీద గీసినట్టుంది. పాటలో 'స' వచ్చినా 'శ' వచ్చినా చెవిలో పొడిచినట్టయ్యేది. తబలా దెబ్బ వేరుగా, దాని తోక వేరుగా వినిపించేది. కేబుళ్లు మార్చాను. స్పీకర్ల కింద మేకుల్లాంటి కాళ్లు బిగించాను. విదేశీ పత్రికలు చదివి స్పీకర్ల కింద గ్రానైటు పలకలు కూడా వేశాను. ఏమీ మారలేదు. తర్వాత ఆలోచిస్తే తెలిసింది, ఆ సలహా చెక్క నేల ఉన్న ఇళ్లకు. అక్కడ నేలే మద్దెల మూతలా అదురుతుంది కాబట్టి కింద బరువైన రాయి వేస్తారు. మన ఇళ్లలో నేల అంటే కాంక్రీటు స్లాబు. రాతి మీద రాయి వేసి నేను సాధించిందేమీ లేదు. ఫ్లాట్లలో ఉండేవాళ్లు స్పీకర్ల కింద వేసుకోవాల్సింది రబ్బరు దిమ్మలు. అదైనా మన పాట కోసం కాదు, కింది ఇంటివాళ్ల నిద్ర కోసం.

2018 సంక్రాంతికి ఏలూరు నుంచి బంధువులు వచ్చారు. పెద్దా చిన్నా కలిపి పదకొండు మంది. రాత్రి హాల్లో పడకలు వేయాలని అటక మీది జంపఖానాలు దించి పరిచాం. వాటి మీద పరుపులు, దూది బొంతలు, దిళ్లు. పిల్లలు అప్పుడే దొర్లుతున్నారు. మా బావగారు, "ఏదోయ్, అంత పోసి కొన్నావుగా, ఒక పాట పెట్టు" అన్నారు. పెట్టాను.

నా చెవుల్ని నేను నమ్మలేదు. అవే స్పీకర్లు, అదే పాట. గాయకుడు రెండు స్పీకర్ల మధ్య గాలిలో నిలబడి పాడుతున్నట్టుంది. ఊపిరి తీసుకోవడం కూడా తెలుస్తోంది. మూడేళ్లుగా కేబుళ్లలో వెతికినది పరుపుల మధ్య దొరికింది. ముక్కనుమ వెళ్లాక చుట్టాలు బయల్దేరారు, పరుపులు అటకెక్కాయి. పాట మళ్లీ రేకు మోతయింది.

అప్పుడు కూర్చుని సబీన్ లెక్క వేశాను. మా హాలు పదమూడడుగులు, పదహారడుగులు, ఎత్తు పది. దాదాపు 60 ఘనపు మీటర్లు. దాన్ని 0.161తో గుణిస్తే 9.66. నున్నటి టైలు పీల్చేది నూటికి ఒక వంతు, గోడలు రెండు మూడు వంతులు. సోఫా, తలుపులు, మనుషులు అన్నీ కలిపితే ఆరు చదరపు మీటర్లు తేలింది. భాగిస్తే 1.6 సెకన్లు. సంగీతం వినే గదికి అర సెకను లోపు ఉంటే హాయి. మాది మూడింతలు.

అందులో ఆరడుగులు, తొమ్మిదడుగుల మందపాటి ఉన్ని తివాచీ వేస్తే? అది అయిదు చదరపు మీటర్లు. వెయ్యి హెర్ట్జ్ దగ్గర అలాంటి తివాచీ తన మీద పడిన శబ్దంలో నూటికి 37 వంతులు పీలుస్తుంది. అదే తివాచీ కింద మందపాటి ఫెల్టు గానీ నురగ రబ్బరు గానీ పరిస్తే 37 కాస్తా 69 అవుతుంది. అంటే తివాచీ ఎంత ముఖ్యమో దాని కింద కనిపించకుండా ఉండేది దాదాపు అంతే ముఖ్యం. మా హాలు లెక్క ఉత్త తివాచీతో 1.2 సెకన్లకు, అడుగు పరుపుతో ఒక సెకనుకు దిగింది. మిగిలిన అర సెకను మందపాటి తెరలు, పుస్తకాల అలమారా, బట్ట తొడుగు సోఫా పంచుకోవాలి.

ఇక్కడ ఒక నిజం దాచకుండా చెప్పాలి. తివాచీ అన్ని శబ్దాలనూ పీల్చదు. శబ్దం గాలిలో సెకనుకు 345 మీటర్లు పోతుంది. వెయ్యి హెర్ట్జ్ అల పొడవు జానెడున్నర, సుమారు 35 సెంటీమీటర్లు. వంద హెర్ట్జ్ అల పొడవు మూడున్నర మీటర్లు. సెంటీమీటరు మందం తివాచీకి అంత పెద్ద అల వచ్చిందని కూడా తెలియదు. కాంక్రీటు మీద పరిచిన తివాచీ 125 హెర్ట్జ్ దగ్గర పీల్చేది నూటికి రెండు వంతులే. కాబట్టి మృదంగంలో ఎడమ చేతి వైపు గుమ్మనడం, సినిమా పాటలో బేస్ గిటారు మూలల్లో బుసకొట్టడం తివాచీతో తగ్గవు. గది పొడవు వెడల్పుల వల్ల వచ్చే ఆ రోగానికి స్పీకర్లను గోడ నుంచి, మూల నుంచి ముందుకు జరపడం మొదటి మందు. మనం కూర్చునే చోటు మార్చడం రెండోది. గోడ నుంచి గోడకు తివాచీలు కప్పేస్తే తీపి శబ్దాలన్నీ పోయి గుమ్మనేవే మిగులుతాయి, పాట దుప్పటి కప్పుకుని పాడినట్టుంటుంది. నేను అదీ చేసి చూశాను. అతి చేయకండి.

ఎక్కడ వేయాలన్నది రెండో ప్రశ్న. స్పీకరు నుంచి శబ్దం మన చెవికి తిన్నగా వస్తుంది, నేల మీద పడి ఎగిరీ వస్తుంది. స్పీకరులో చిన్న గిన్నె నేలకు తొంభై సెంటీమీటర్ల ఎత్తులో, కూర్చున్న మనిషి చెవి మీటరు ఎత్తులో, మధ్య దూరం రెండున్నర మీటర్లు అనుకోండి. నేల దారిన వచ్చేది 64 సెంటీమీటర్లు ఎక్కువ నడిచి, సెకనులో వెయ్యోవంతుకు రెండింతలకు కాస్త తక్కువ ఆలస్యంగా చేరుతుంది. అది నేలను తాకే చోటు స్పీకరుకు 1.2 మీటర్ల దూరంలో ఉంటుంది. లెక్క వద్దనుకుంటే ఒక అద్దం తెచ్చి మీరు సోఫాలో కూర్చోండి. ఇంకొకరు ఆ అద్దాన్ని నేల మీద జరుపుతూ పోతే, మీకు అందులో స్పీకరు గిన్నె ఎక్కడ కనబడుతుందో అక్కడ తివాచీ ఉండాలి. చాలామంది సోఫా కింద, టీపాయ్ కింద వేస్తారు. అది కంటికి అందం. చెవికి కావాల్సింది స్పీకర్లకూ సోఫాకూ మధ్య.

ఇక ఏ తివాచీ? ప్లాస్టిక్ చాప కంటికే. పల్చటి జంపఖానా ఒక్కటే వేస్తే బాగా పైస్థాయి శబ్దాలకు కొంచెం పనిచేస్తుంది, రెండు మడతలు వేస్తే ఇంకాస్త. వరంగల్ దరీలు గట్టి నేత, అడుగున ఫెల్టు పరిస్తే చక్కగా పనికొస్తాయి. కుచ్చు లేచిన ఉన్ని తివాచీ అన్నిటికంటే మేలు. దాని కోసం నేను దుకాణాలన్నీ తిరిగాను. కాశ్మీరు అన్నారు, భదోహి అన్నారు, ఇరాన్ అన్నారు. ఒకరోజు ఆ దుకాణదారే, "సార్, మీదే ఊరు?" అని అడిగాడు. ఏలూరు అన్నాను. ఆయన నవ్వాడు. "తివాచీల ఊళ్లో పుట్టి ఇక్కడ వెతుకుతున్నారా?"

సిగ్గేసింది. పర్షియా నుంచి వచ్చిన నేతగాళ్లు మొదలుపెట్టారని చెప్పే ఆ పని మన ఊళ్లో తరతరాలుగా సాగింది. ఏలూరు తివాచీలు ఓడలెక్కి సీమకు పోయాయి. మన తరగతిలోనే తంగెళ్లమూడి వైపు నుంచి వచ్చే పిల్లల ఇళ్లలో మగ్గాలుండేవి. వాళ్ల వేళ్ల మీద ఉన్ని నూగు అంటుకుని ఉంటే మనం వెక్కిరించేవాళ్లం. ఇప్పుడు మగ్గాలు తగ్గాయి. నేను వెళ్లి ఒకటి నేయించుకుని తెచ్చుకున్నాను. అడుగున జనపనార ఫెల్టు పరిచాను. గోనె సంచుల మిల్లు సైరన్ విని బడికి పరిగెత్తిన ఊరివాళ్లకు జనపనార కొత్తేమీ కాదు.

ఇంతవరకూ పాట సంగతి. నేను నిజంగా చెప్పాలనుకున్నది ఇప్పుడు మొదలవుతుంది.

2014లో అమ్మ పోయాక నాన్నగారిని హైదరాబాద్ తీసుకెళ్లాం. ఏలూరులో మాది పెంకుటిల్లు. ముందు గదిలో గచ్చు, వెనక గదిలో పేడతో అలికిన మట్టినేల, నులక మంచాల మీద బొంతలు, ఎప్పుడూ తెరిచే ఉండే కిటికీలు. విజయవాడ కేంద్రం భక్తిరంజనితో ఆ ఇంట్లో తెల్లారేది. ఆ పాత రేడియోలో ఒక్కటే చిన్న స్పీకరు. అయినా ప్రతి అక్షరం తెలిసేది.

హైదరాబాద్ వచ్చేసరికి ఆయనకు వినికిడి తగ్గింది. మంచి యంత్రమే కొని పెట్టాం. డాక్టరు గదిలో బాగా వినబడిందన్నారు. ఇంటికి వచ్చాక, "ఒట్టి గోలరా, మాట తెలియడం లేదు" అని తీసి పక్కన పెట్టేవారు. మా ఆవిడ, "పాలు తాగారా మామయ్యా?" అని అడిగితే, "కాలు ఇప్పుడు బాగానే ఉందమ్మా" అనేవారు. మేం నవ్వేవాళ్లం. పిల్లలూ నవ్వేవాళ్లు. కొన్నాళ్లకు ఆయన జవాబివ్వడం మానేశారు. అందరం హాల్లో కూర్చుంటే ఆయన లేచి తన గదిలోకి వెళ్లి తలుపేసుకునేవారు. పెద్దతనం, పట్టుదల, జ్ఞాపకశక్తి తగ్గుతోందేమో అని మాలో మేం అనుకున్నాం. గట్టిగా అరిచి చెప్పేవాళ్లం. అరిస్తే ఇంకా విసుక్కునేవారు.

ఆ సంక్రాంతి రాత్రి పరుపుల మధ్య పాట పెట్టినప్పుడు, ఎప్పుడూ లేనిది ఆయన గదిలోంచి వచ్చి కూర్చున్నారు. బావగారితో గంటసేపు పాత కబుర్లు చెప్పారు. నా వైపు తిరిగి, "ఏరా, ఇవాళ అందరి మాటలూ తెలుస్తున్నాయి. యంత్రం బాగుచేయించావా?" అన్నారు.

నేనేమీ చేయించలేదు. పరుపులు పరిచానంతే.

అదురు కొలిచే ఇంజనీరుని. నా ఇంట్లోనే నాలుగేళ్లుగా జరుగుతున్నది నాకు తట్టలేదు. సంగతి ఇది. మాటలో అచ్చులు బలంగా, కింది స్థాయిలో ఉంటాయి. హల్లులు బలహీనంగా, పైస్థాయిలో ఉంటాయి. 'పాలు', 'కాలు' రెండింటిలోనూ 'ఆ' ఒకటే. తేడా అంతా ఆ ముందు వచ్చే చిన్న చప్పుడులో ఉంది. మనది అజంత భాష, చాలా మాటలు అచ్చుతో ముగుస్తాయి. గుయ్యిమనే గదిలో ఆ అచ్చు తోక సాగి తర్వాతి మాట మొదటి హల్లు మీద పడుతుంది. కుర్రవాళ్ల చెవి ఎలాగో సరిపెట్టుకుంటుంది. ముసలి చెవికి అది చేతకాదు. వినికిడి యంత్రం మాటనూ పెద్దది చేస్తుంది, గోడ నుంచి వచ్చిన మోతనూ పెద్దది చేస్తుంది. మేం గట్టిగా అరిస్తే మోత కూడా అంతే పెరుగుతుంది. ఆయనకు కావాల్సింది పెద్ద గొంతు కాదు, పొడి గది. హల్లులు ఉండే రెండు వేలు, నాలుగు వేల హెర్ట్జ్ దగ్గర తివాచీ అన్నిటికంటే బాగా పీలుస్తుంది.

నా వయొలిన్ కోసం కొన్న తివాచీ హాల్లో పరిచాను. రెండోది కొని ఆయన గదిలో వేశాను. అంచులు కాలికి తగలకుండా అడుగున జారని వల వేసి, అంచులు నేలకు అంటించాను. పెద్దవాళ్లున్న ఇంట్లో ఇది మరిచిపోకండి, తివాచీ అంచు తగిలి పడితే తుంటి ఎముక పోతుంది. ఉబ్బసం ఉన్నవాళ్లుంటే దుమ్ము సంగతి చూసుకోవాలి, వారం వారం దులపాలి, ఎండలో వేయాలి. కిటికీలకు మందపాటి తెరలు కట్టాం. ఎదురుగా కూర్చుని, మొహం కనపడేలా, నెమ్మదిగా మాట్లాడటం నేర్చుకున్నాం. ఆయన గది తలుపు తెరుచుకుంది. 2021లో పోయేదాకా మూడేళ్లు మాతో మాట్లాడారు. తన పెళ్లి సంగతులు, ఏలూరు కాలవలో ఈత కొట్టిన సంగతులు మా పిల్లలు ఆ మూడేళ్లలోనే విన్నారు. అంతకు ముందు నాలుగేళ్లలో ఆయన చెప్పాలనుకున్నవి ఏమిటో మాకు ఎప్పటికీ తెలియదు.

ఇప్పుడు నా కోరిక.

మన స్వర్ణోత్సవ నిధితో ఆరు తరగతి గదులను డిజిటల్ గదులుగా మారుస్తున్నాం. చందా నేనూ ఇచ్చాను, సంతోషంగానే ఇచ్చాను. నిన్న నమూనా గది చూపించారు. మెరిసే టైల్స్, అల్యూమినియం జారుడు కిటికీలు, ఏసీ, గోడకు స్క్రీను, దానికి రెండు పక్కలా స్పీకర్లు. అచ్చం మా హైదరాబాద్ హాలే. ఏసీ వేశాక కిటికీలు మూస్తారు. సబీన్ కిటికీ గుర్తుందా? మనం చదివినప్పుడు ఆ గదుల్లో కిటికీలు బార్లా తెరిచి ఉండేవి, మోత బయటికి పోయేది. ఇప్పుడు అది లోపలే ఉండిపోతుంది.

లెక్క చెబుతాను. గది ఎనిమిది మీటర్లు, ఆరు మీటర్లు, ఎత్తు 3.3. నలభై మంది పిల్లలు కూర్చున్నా, కిటికీలు మూస్తే శబ్దం అణగడానికి 1.3 సెకన్లు పడుతుంది. అమెరికాలో ఇంత గదికి పెట్టుకున్న ప్రమాణం పిల్లలు లేని ఖాళీ గదికే 0.6 సెకన్లు. స్పీకర్ల శబ్దం పెంచితే తీరేది కాదు ఇది, నాన్నగారి దగ్గర మేం అరిచినట్టే ఉంటుంది. తివాచీలూ ఇక్కడ వద్దు, నలభై జతల కాళ్ల దుమ్ముకు అవి నిలవవు. వెనక గోడ మీదా, పైకప్పు అంచుల వెంటా కలిపి గదికి ఇరవై చదరపు మీటర్ల మేర, రెండంగుళాల మందం రాతి ఉన్ని పలకలు, నిప్పంటుకోని బట్ట చుట్టి బిగిస్తే చాలు. పిల్లలు కూర్చున్నాక 0.6 దగ్గరికి వస్తుంది, ఖాళీగా ఉన్నప్పుడు కూడా సెకను లోపే ఉంటుంది. మెరిసే టైలు బదులు మామూలు నాపరాళ్లు వేసినా శబ్దానికి తేడా ఏమీ లేదు, ఖర్చులో తేడా ఉంటుంది. ఆ మిగులు పలకలకు పెట్టవచ్చు. కొలిచి బిగించే పని నాది, కూలీ అడగను.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, ఎనిమిదో తరగతిలో పొడుగ్గా ఉన్నానని నన్ను చివరి బెంచీలో వేశారు. డిక్టేషన్‌లో నాకు సగం మాటలు తెలిసేవి కావు. పరధ్యానం అన్నారు, దెబ్బలు తిన్నాను. నేనే మొద్దునని నమ్మాను. తెలుగు మాస్టారి క్లాసులో మాత్రం అన్నీ వచ్చేవి. ఆయన బల్ల దగ్గర నిలబడేవారు కాదు. బెంచీల మధ్యకు నడిచి వచ్చి, మాటకూ మాటకూ మధ్య ఆగి, పద్యం మెల్లగా చదివేవారు. ఆయన సబీన్ పేరు విన్నారో లేదో నాకు తెలియదు. ఆయన చేసింది మాత్రం అక్షరాలా సరైన పని. దగ్గరికి రావడం, తోక తెగేదాకా ఆగడం. ఆయన ఈరోజు మన మధ్య లేరు. అలాంటి మాస్టారు దొరకని పిల్లలకు గదైనా సాయం చేయాలి కదా.

ఆ ఆరు గదుల్లో ఏదో ఒక దాంట్లో చెవి కాస్త మందగించిన పిల్ల ఒకతి చివర కూర్చుని ఉంటుంది. తనకు వినబడటం లేదని తనకే తెలియదు. ఎవరికీ చెప్పదు. మనమూ మొద్దనే అనుకుంటాం, మేం నాన్నగారిని మొండివాడు అనుకున్నట్టు. మధ్యాహ్నం కార్యవర్గ సమావేశంలో ఈ విషయం మొదటి అంశంగా పెట్టమని కోరుతున్నాను. టైల్స్ ఆర్డరు సోమవారం వెళుతుందని తెలిసింది, కాబట్టి ఈరోజే.

ఇంటికి వెళ్లాక ఒక్క పని చేయండి. మీ హాలు మధ్యలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టండి. మోత సాగితే, ఆ ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా మాట్లాడటం తగ్గించారేమో ఒకసారి చూడండి. యంత్రం కొనే ముందు, గొంతు పెంచే ముందు, అటక మీది జంపఖానా దించి పరిచి, వాళ్ల పక్కన కూర్చోండి.

మీరు ఇక్కడ కూర్చోబట్టే నా మాట మీకు తెలిసింది.